తాళములను జయించిన హౌడినీ

హంగరీ దేశమందలి బుడాపెస్టు నగరమున 1874 మార్చి 24వ తేదీన ఎరిక్ వైస్ అను బాలుడు జన్మించెను. అతని తండ్రి యూదుల మతగురువు. బాలునకు నాలుగేండ్ల ప్రాయమున ఆ కుటుంబము అమెరికాకు వలసపోయి, యాపిల్టన్ పట్టణమున నివసించెను. కొంతకాలమునకు తండ్రి కొలువు పోయెను. ఇంట దారిద్ర్యము తాండవమాడెను. ఎరిక్ చిన్ననాటనే పనులలో చేరి, న్యూయార్కు నగరమున నెక్‌టైలు కత్తిరించు కర్మాగారమున కూలి చేసెను.

ఆ దినములలోనే అతడు ఫ్రాన్సు దేశపు ఐంద్రజాలికుడగు రాబర్ట్ హౌడిన్ స్వీయచరిత్రను చదివి ముగ్ధుడై, తన పేరు హౌడినీ అని మార్చుకొనెను. వివాహానంతరము భార్య బెస్సుతో కలిసి ఊరూర తిరిగి ప్రదర్శనము లిచ్చెను. ఏండ్లు గడచినను పేరు రాలేదు. 1899లో మార్టిన్ బెక్ అను నాటకశాలల నిర్వాహకుడు అతని ప్రదర్శనము చూచి, చిన్న గారడీలను మాని, సంకెళ్లనుండి విడివడు విద్యనే ప్రధానముగా చూపుమని హితవు చెప్పెను. ఆ హితవు అతని జీవితమును మార్చెను.

ఆ విద్య మంత్రబలము కాదు. తాళమనగా లోహముతో చేసిన చిన్న యంత్రము. దానిలో ఒక భాగము మరియొక భాగమునకు అడ్డుపడును. ఆ అడ్డు తొలగినచో తాళము తెరచుకొనును. హౌడినీ పలుదేశముల తాళములను, సంకెళ్లను పరిశీలించి, వాని లోపలి కూర్పును నేర్చెను. కొన్ని సంకెళ్లు తగినచోట గట్టిగా కొట్టినంతనే విడిపోవునని కనుగొనెను. నీటిలో ఊపిరి బిగబట్టుటను గూడ సాధన చేసెను.

జర్మనీలో ఒక పోలీసు ఉద్యోగి తన్ను మోసగాడని నిందింపగా, హౌడినీ న్యాయస్థానము నాశ్రయించెను. న్యాయాధిపతి యెదుట తన నేర్పు చూపి, 1902లో గెలుపొందెను. 1904 మార్చి 17వ తేదీన లండను నగరమున, తెరచుట అసాధ్యమని పేరుబడిన సంకెళ్లను అతని చేతులకు తగిలించిరి. నాలుగువేల జనము ఊపిరి బిగబట్టి చూచుచుండగా, గంటకు పైగా పెనుగులాడి అతడు విముక్తుడయ్యెను.

1913లో తల్లి మరణించెను. ఆ దుఃఖము అతనిని వీడలేదు. మృతుల ఆత్మలతో మాటలాడింపగలమని చెప్పువారిని అతడు ఆశతో ఆశ్రయించెను. 1922లో ప్రసిద్ధ రచయితయు మిత్రుడునగు కానన్ డాయిల్ భార్య, అతని తల్లి ఆత్మ పలికించినదని చెప్పుచు సుదీర్ఘమైన సందేశమును వ్రాసి యిచ్చెను. అది చక్కని ఆంగ్లమున నుండెను. తలపైన క్రైస్తవుల శిలువ గుర్తుండెను. తల్లికి ఆంగ్లము సరిగా రాదు. ఆమె యూదు మతస్థురాలు. ఆ దంపతులు బుద్ధిపూర్వకముగా వంచించిరని హౌడినీ తలపలేదు. అయినను ఆ సందేశమును నమ్మజాలకపోయెను. ఆ కారణమున స్నేహమే చెడిపోయెను.

పిదప అతడు మారువేషమున పోయి, దుఃఖితుల సొమ్ము కాజేయు కపటుల తంత్రములను బయటపెట్టెను. 1926లో అమెరికా శాసనసభ సంఘము ఎదుట వారికి విరుద్ధముగా సాక్ష్య మిచ్చెను. ఆ యేడే అక్టోబరు 31వ తేదీన, ఉదరములోని ఉండుకము పగిలి, 52వ యేట డెట్రాయిటు నగరమున మరణించెను. హౌడినీ తన తాళముల మర్మములు పెక్కింటిని దాచుకొనెను. కాని ఆ తాళముల విద్యకు దైవశక్తి కారణమని మాత్రము చెప్పుకొనలేదు.