సర్ ఆర్థర్ కాటన్ దొరగారు

గోదావరి మండలమున కాటన్ దొరగారి పేరు వినని బాలుడుండడు. వారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిరని యందరకును దెలియును. అంతటి మహాకార్యమును వారెట్లు నిర్వహించిరో యెరిగినవారు మాత్రము కొలదిమంది. ఆ విధమును మా విద్యార్థులకు దెలుపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

దొరగారు 1803 వ సంవత్సరము మే 15 వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించిరి. అడిస్కాంబు సైనిక విద్యాలయమున చదివి, మద్రాసు ఇంజనీరుల దళమున చేరి, 1821 లో హిందూదేశమునకు వచ్చిరి. కావేరీ ప్రాంతమున పనిచేయునపుడు పూర్వము చోళరాజులు కట్టించిన కల్లణను శ్రద్ధతో పరిశీలించిరి. ఇసుకనేలపై రాతికట్ట యెట్లు నిలుచునో వారు ఆ ప్రాచీనుల పనివలననే నేర్చుకొనిరి. 1836 లో కొల్లడము నదికి ఆనకట్టలు కట్టించి, ఆ విద్యను కార్యరూపమున బెట్టిరి.

ఆ దినములలో గోదావరి మండలము మిక్కిలి దీనావస్థలో నుండెను. కరవులును, తుపానులును జనులను పీడించెను. 1821 లో సుమారు 7 లక్షల 38 వేలుగానున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. మహానది ముంగిట బారుచుండగనే పైరులు ఎండుచుండెను. నీరంతయు సముద్రము పాలగుచుండెను. 1844 లో దొరగారు ఈ స్థితిని వివరించి, నదికి ఆనకట్ట యవసరమని ప్రభుత్వమునకు నివేదిక పంపిరి. అనుమతి లభించి, 1847 లో పని ప్రారంభమయ్యెను.

ధవళేశ్వరమువద్ద నది వెడల్పు సుమారు 4 మైళ్లు. దీనికంతకు నొక్కటే కట్ట యనినచో వినువారికి భయము కలుగక మానదు. అయితే అచట లంకలు నదిని నాలుగు పాయలుగ జీల్చియున్నవి. దొరగారు ఆ విభాగమునే తమ పనికి ననుకూలముగ జేసికొనిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలకు నాలుగు ఆనకట్టలు. నడుమనున్న లంకలపై మట్టికట్టలు. రాతికట్టడ మంతయు గలిసి సుమారు 12,000 అడుగులు. ఇట్లే కాలువలను కూడ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలని మూడుగ విభజించి, ప్రతిదానికిని వేరువేరుగ తలుపులును లాకులును ఏర్పరచిరి.

స్థలమువలెనే కాలమును కూడ విభజింపవలసి వచ్చెను. వరదలు తీసినది మొదలు మరల వరద వచ్చువరకే నదిలో పనిచేయ వీలగును. కావున ఏ యేటి పని ఆ యేడే నిలదొక్కుకొనవలెను. రాయి సమీపమున నున్న కొండనుండి తీయుట, దానిని పట్టాలపైనను పడవలపైనను చేర్చుట, సున్నము కాల్చుట, పునాదులు దింపుట: ఇవన్నియు వేరువేరు పనులై యొకదాని కొకటి యందుచుండెను. ఈ కార్యమున వీణెం వీరన్నగారు దొరగారికి కుడిభుజమువలె తోడ్పడిరి.

పని నడుమ 1848 లో దొరగారి యారోగ్యము చెడి, ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చెను. ఒక్కరి మనస్సులోనే దాగియున్న యాలోచన యైనచో పని అంతటితో నాగిపోయెడిది. భాగములు స్పష్టముగ నేర్పడియుండుటచే కెప్టెన్ ఆర్ దొరగారు దానిని కొనసాగింపగలిగిరి. 1850 లో కాటన్ దొరగారు మరలివచ్చిరి. 1852 లో ఆనకట్ట పూర్తియయ్యెను. గన్నవరమువద్ద 49 కమానుల వంతెనపై కాలువ నీరు నదీపాయను దాటి నాగరములంకకు చేరెను. క్రమముగా సుమారు పదిలక్షల యెకరములు సాగులోనికి వచ్చి, కరవుసీమ ధాన్యాగారమయ్యెను.

దొరగారి యూహలన్నియు ఫలించెనని మేము చెప్పము. వారు కోరిన కర్నూలు కడప కాలువ, కట్టించిన కంపెనీకి నష్టమే తెచ్చెను. అయినను వారి సేవను గుర్తించి 1861 లో ప్రభుత్వమువారు సర్ బిరుదము నిచ్చిరి. 1899 జూలై 24 వ తేదీన, 96 సంవత్సరముల వయస్సున, డార్కింగు పట్టణమున వారు కాలధర్మము నొందిరి. శతాబ్దమునకు పైగా పనిచేసిన ఆ యానకట్టకు బదులు 1982 లో పూర్తియైన క్రొత్త బారేజి వారి పేరనే వెలసినది.

విద్యార్థులారా! పాఠ్యపుస్తక మంతయు నొక్కసారి చూచి నిరాశపడు బాలుడు నాలుగు మైళ్ల నదిని చూచి బెదరినవానివంటివాడు. మొదట లంకలెచట నున్నవో చూడుడు. ఒక పాయను ముగించి రెండవదానికి పొండు. వరద రాకమున్నే, అనగా పరీక్షలు రాకమున్నే, నేటి పనిని నేడే నిలబెట్టుడు. ఆనకట్ట యట్లే నిలిచినది.