కట్టమంచి రామలింగారెడ్డిగారు – అద్భుతకథకు విలువ కట్టిన విమర్శకుడు

మదుర, కోయంబత్తూరు ప్రాంతములలోని మన తెలుగుపల్లెలలో అవ్వలు చెప్పెడు కథ యొకటి కలదు. పూర్వమొక రాజు మనవారి కన్యను బలిమిమై కోరెను. ఆమె నిచ్చుట కిష్టము లేక పెద్దలు ఇల్లు వాకిళ్లు విడిచి, రాత్రికి రాత్రి దక్షిణదిక్కునకు పయనమైరి. వెనుక రాజు పంపిన గుఱ్ఱపుదండు. ముందు వఱద నిండి పాఱుచున్న యేఱు. అప్పుడు గట్టున నున్న వృక్షమొకటి తనంత తాను వంగి, వంతెనయై, అందఱిని దాటించెను. ఊరూర వివరములు కొంత మాఱినను కథ యిదియే. తెలుగు కుటుంబమున బుట్టి తమిళమున రచనలు సాగించిన కి. రాజనారాయణన్ గారు 1976లో వెలువడిన గోపల్ల గ్రామమను నవలయందు ఈ వలసకథను చెప్పి, తమిళ పాఠకులకును దీనిని పరిచితము గావించిరి.

ఈ కథను తరగతిలో చెప్పుమనినచో కొందఱు తల వంచుకొందురు. చెట్టు ఎచ్చటనైనను వంగి దారి యిచ్చునా యని తోడివారు నవ్వుదురేమో యని వారి శంక. మఱికొందఱు ఇది యున్నదున్నట్లు జరిగినదేనని పట్టుబట్టుదురు. నేను మొదటి పక్షమువాడను. పొరుగురాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న దినములలో, మీ ప్రాంతపు కథ యొకటి చెప్పుమని మిత్రు లడుగగా, చెట్టుకథను దాచి, తిరుమలనాయకుని మహలును వర్ణించి తప్పించుకొంటిని. ఆ యేడు చదివిన విమర్శగ్రంథ మొకటి నా సిగ్గును పోగొట్టినది. ఆ గ్రంథకర్త చరిత్రమును మీకు చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. ఆయన సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు.

రెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. ఆ కాలమున చిత్తూరు ఉత్తర ఆర్కాడు మండలములోనిది. చిత్తూరు పేరిట వేఱు జిల్లా 1911లో గాని యేర్పడలేదు. తెలుగును తమిళమును ఒకే గోడను పంచుకొన్న రెండిండ్లవలె నిలిచిన సీమ యది. రెండు భాషల నడుమ పెరుగుట యనగా నేమో తెలిసిన మీకు ఆయన పరాయివాడుగా తోపడు. వీధిబడిలో అక్షరములు దిద్ది, చిత్తూరున ఉన్నతపాఠశాల చదువు ముగించి, పిదప చెన్నపట్టణమునందలి క్రైస్తవ కళాశాలలో చేరిరి. చరిత్రయు తత్త్వశాస్త్రమును ఆయనకు ప్రియమైన విషయములు.

ఆ కళాశాలలోని భాషాభిరంజని యను సమాజము 1899లో తెలుగు కావ్యరచనకు పోటీ నేర్పఱచెను. ఇరువదియేండ్లు నిండని రెడ్డిగారు ముసలమ్మ మరణమను కావ్యమును వ్రాసి బహుమానము నందిరి. ఇందలి కథ అనంతపురమునకు దాపుననున్న బుక్కరాయసముద్రపు చెఱువునకు సంబంధించినది. బ్రౌనుదొర ప్రకటించిన అనంతపుర చరిత్రనుండి గ్రహింపబడినది. ఒకమాఱు పెనువానలకు చెఱువుకట్టకు గండి పడెను. ఊరు మునుగు సమయమున, బసిరెడ్డి యింటి కడగొట్టు కోడలగు ముసలమ్మను బలి యిచ్చినగాని గండి పూడదని దేవత పలుకు వినవచ్చెను. పేరు ముసలమ్మయే గాని ఆమె యువతి. ఇంటివారికడ సెలవు గైకొని, తానై నడచిపోయి, గండిలో దిగి ప్రాణము లర్పించెను. ఊరు నిలిచెను.

దేవత పలుకుట అద్భుతము. అయినను యువకవి చూపు ఆ పలుకునకడ ఆగిపోలేదు. ఆ మాట విన్న పిదప ఒక యిల్లాలి మనస్సున నేమి జరిగెను, ఆమెను ప్రేమించువారు ఎట్లు తల్లడిల్లిరి యను దానిమీద నిలిచినది. మంగళాంతమే నియమముగా నున్న నాటి కావ్యలోకమున మరణముతో ముగియు కథ నెన్నుకొనుటయు సాహసమే.

ఇట్టి కథయే గ్రీసుదేశపు జానపదగీతములలో నొకటి కలదు. ఆర్తా పట్టణముచెంత నదిపై నలువదియైదుగురు మేస్త్రీలును అఱువదిమంది శిష్యులును వంతెన కట్టుచుండిరట. పగలెల్ల కట్టినది రాత్రి కూలుచుండెను. మనుష్యభాష నేర్చిన పక్షి యొకటి వచ్చి, పెద్దమేస్త్రీ భార్యను పునాదిలో నుంచినగాని వంతెన నిలువదని పలికెను. ఉంగరము జాఱిపడినదను నెపముతో ఆమెను లోనికి దింపి పైని రాళ్లు పేర్చిరి. ఆమె మొదట వంతెనను శపించెను. పరదేశమున నున్న తన సోదరుడు ఏనాడైన ఆ దారిని వచ్చునేమో యని తలచి, శాపమును మరల్చుకొనెను. కజాన్‌జాకిస్ అను గ్రీకు రచయిత 1910లో ఈ గాథనే నాటకముగా ప్రకటించెను. ఒకరి నొకరు చూచి యెఱుగని రెండు జాతులు, వఱద యెదుట తమకు గలిగిన భయమును ఒకే తీరున చెప్పుకొనినవి. భేద మొక్కటియే: గ్రీకు వనిత మోసపోయి దిగెను, ముసలమ్మ తెలిసి దిగెను. నరబలి మనము మెచ్చదగిన యాచారము కాదు. కాని ఆ యిరువురి మనస్సులలోని భేదమును గుర్తించినవానికి అద్భుతకథను చదువుట వచ్చినట్లే.

1902లో రెడ్డిగారు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెడలి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలయందు చరిత్ర నభ్యసించి మొదటి తరగతిలో ఉత్తీర్ణులైరి. అచటి యూనియన్ సభకు ఉపాధ్యక్షుడుగా నెన్నికైన మొదటి భారతీయుడు ఆయనయే. స్వదేశమునకు వచ్చిన పిదప బరోడా కళాశాలలో అరవిందులు విడిచిన యుపాధ్యక్షపదవిని నిర్వహించిరి. అనంతరము మైసూరు చేరి, మహారాజా కళాశాలలో ఆచార్యులై, అధ్యక్షులై, తుదకు ఆ సంస్థానపు విద్యాశాఖకే యధికారులైరి.

అంత ఆంగ్లవిద్య గడించినవాడు తెలుగు కావ్యములను మఱచియుండవచ్చునని తోచును. ఆ కాలమున పలువురు మఱచిరి. రెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వవిచారమను గ్రంథమును ప్రకటించిరి. నేను శిక్షణకాలమున చదివినది ఈ గ్రంథమే. పదునాఱవ శతాబ్దమున నంద్యాల ప్రభువుల యాశ్రయము నందిన పింగళి సూరనార్యుడు రచించిన కళాపూర్ణోదయముపై విమర్శనమిది.

కళాపూర్ణోదయముకంటె వింతయైన కథ తెలుగున అరుదు. అందు సింహము నెక్కి ఆకాశమున తిరుగు సిద్ధుడు కలడు. అసలు రంభయు మాయారంభయు ఎదురుపడి, ఎవరు నిజమని కలహింతురు. కళాపూర్ణుడను రాజు సభలో, అతని మణి ఱొమ్మున సోకగా, పసికందు నోరు తెఱచి పూర్వజన్మవృత్తాంతమును వినిపించును. అన్నిటికంటె వింత యేమనగా, వినోదార్థమై బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ పిదప లోకమున నిజముగా జరుగుట. ఇచట కథ ముందు, జీవితము తరువాత.

ఇట్టి కావ్యము నెట్లు చదువవలెను? అలంకారములను లెక్కించుటతో కొందఱు తృప్తి పడుచుండిరి. ఇంగ్లీషు చదివిన కొందఱు అసంభవమని పెదవి విఱుచుచుండిరి. రెడ్డిగారు ఈ రెండు మార్గములను విడిచిరి. కవిత్వమునకు ప్రాణము భావనాశక్తి యని నిరూపించిరి. కథ యెంత వింతదైనను దాని యంగములు ఒకదానితో నొకటి పొసగుచున్నవా, పాత్రలు తమ స్వభావమునకు తగినట్లు నడచుచున్నవా యని పరీక్షించిరి. ఆ పరీక్షయందు సూరన నిలిచెను. లోకమున జరుగునా యనునది వారి ప్రశ్న కాదు. ఆ కథాలోకమున నిది తగునా యనునదియే ప్రశ్న. వంశపారంపర్యముగా వచ్చు వర్ణనలతోను మితిమీఱిన శృంగారముతోను నిండిన ప్రబంధములను మాత్రము ఆయన గట్టిగా ఖండించిరి. పండితులు పలువురు కినిసి ప్రతివిమర్శలు వ్రాసిరి. ప్రబంధకవులయెడ ఆయన తీర్పు కొంత కఠినమని నేటివారిలో కొందఱు తలతురు. అయినను తెలుగున నవీనవిమర్శకు ఆ గ్రంథము దారి తీసినదనుట యందఱు నంగీకరించినదే.

ఇచట స్పెయిను దేశపు గ్రంథ మొకటి స్మరింపదగినది. సెర్వాంటిసు అను రచయిత 1605లో డాన్ క్విక్సోటు కథ మొదటి భాగమును, 1615లో రెండవ భాగమును వెలువరించెను. వీరుల యద్భుతకథలను విపరీతముగా చదివి మతి చలించిన పెద్దమనిషి తానును వీరుడనని బయలుదేఱి గాలిమరలను రాక్షసులుగా భావించును. రెండవ భాగములో అతనికి తారసపడిన కొందఱు మొదటి భాగమును చదివినవారే! సూరనార్యునివలె సెర్వాంటిసును కథను జీవితములోనికి నడిపించెను. అయితే క్విక్సోటు కథను నిజమని నమ్మి దెబ్బలు తినెను. కథలన్నియు బొంకులని త్రోసివేయువాడు అంతకంటె ఎక్కువ పోగొట్టుకొనును. ఈ రెంటికి నడుమ దారి యొకటి కలదని రెడ్డిగారి గ్రంథము నాకు తెలిపెను.

రెడ్డిగారు గ్రంథములకే పరిమితులు కారు. చెన్నపురి శాసనసభలో సభ్యులై విద్యావిషయములపై వాదించిరి. ఆ సభ మన మదుర, కోయంబత్తూరు మండలములకును సభయే. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపింపబడగా దానికి మొదటి ఉపాధ్యక్షులైరి. 1930లో సత్యాగ్రహోద్యమముపై ప్రభుత్వము సాగించిన దమనమునకు నిరసనగా రాజీనామా నిచ్చిరి. తమ చేతులతో నాటిన మొక్కను విడిచిపోవుట సులభము కాదు; అయినను మనస్సాక్షిని విడుచుటకంటె పదవిని విడుచుటయే మేలని యెంచిరి. వారి తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ స్థానము నలంకరించిరి. 1936లో రెడ్డిగారు మరల ఆ పదవికి వచ్చి 1949 వఱకు నుండిరి. 1942లో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడగా, విశ్వకళాపరిషత్తును గుంటూరునకు తరలించి చదువులు ఆగకుండ కాపాడిరి. ఆ యేడే సర్ బిరుదము వచ్చెను. తాము పూర్వము బరోడాలో ఎవరి పదవిని స్వీకరించిరో ఆ అరవిందులకు 1948లో విశ్వకళాపరిషత్తు పక్షమున జాతీయబహుమానమును పుదుచ్చేరికేగి సమర్పించిరి. 1949లో మైసూరు విశ్వవిద్యాలయమునకు పెద్దలుగా పిలువబడిరి. జీవితమంతయు అవివాహితులుగనే యుండి, 1951వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి.

విద్యార్థులారా! ఇప్పుడు మన చెట్టుకడకు మరలుదము. మన మదురయు అద్భుతకథలకు కొత్త కాదు. 1706 మొదలు 1732 వఱకు మదుర నేలిన విజయరంగ చొక్కనాథుని కాలమున సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు జైమినిభారతమును తెలుగు వచనమున రచించెను. అర్జునుని యాగాశ్వము స్త్రీరాజ్యము చొచ్చిన వింత జైమినిభారత కథలోనిదే. రాజాస్థానమున వచనముగా వ్రాయబడిన అద్భుతమునకు గౌరవము దక్కినది. అవ్వ నోట నున్న అద్భుతము మాత్రము సిగ్గుపడదగినదా?

రెడ్డిగారు నేర్పిన రీతిని చెట్టుకథను పరీక్షింపుడు. చెట్టు వంగునా యని యడుగకుడు. ఆ కథ చెప్పినవా రెవ్వరు, వారి మనస్సున నేమున్నది యని యడుగుడు. ఒక బిడ్డ మానమునకై ఊరు ఊరంతయు ఆస్తిపాస్తులను వదలుకొనినది. రక్షింపవలసిన రాజే తఱిమినాడు. బంధువు లెవ్వరును లేని యేటిగట్టున నోరులేని వృక్షము బంధువైనది. మనుష్యుడు కాదన్నను నేల కాదనలేదని, అన్యదేశమున అడుగిడిన మనవారు తమ పిల్లలకు చెప్పుకొన్న ధైర్యమిది. ఈ యర్థము కథలో పొసగుచున్నది; కావున కథ నిలిచినది.

ఈ కథలు చెప్పగల అవ్వలు ఏటేట తఱుగుచున్నారు. వారు పలుకు తెలుగులో, ఆంధ్రదేశమున నేడు వినబడని మాటలు కొన్ని యున్నవి. సెలవులలో మీ యింటి పెద్దల యొద్ద కూర్చుండి, వారు చెప్పిన కథను వారు చెప్పిన మాటలతోనే వ్రాసి తెండు. మీ వ్రాత తప్పులను నేను దిద్దెదను. అవ్వ మాటలను మాత్రము దిద్దను. ఇరువది యేండ్లు నిండకమునుపే ఒక పల్లెకథను చేతబట్టుకొని రెడ్డిగారు సాహిత్యమున అడుగిడిరి. మీకును మీ పల్లెకథ యొకటి యింటనే యున్నది.