హాకీ మైదానం నుంచి రాజ్యాంగ సభకు: జైపాల్ సింగ్ ముండా



జార్ఖండ్‌లో హాకీ పల్లెపల్లెకూ తెలిసిన ఆట. మన బాగ్‌బేరాలో ఉంటున్న తెలుగు పిల్లలు కూడా ఈ నేల కన్న గొప్ప క్రీడాకారుడి గురించి తెలుసుకోవాలి. ఆయనే జైపాల్ సింగ్ ముండా.

ఆయన 1903 జనవరి 3న ఖూంటీ ప్రాంతంలోని టకరా గ్రామంలో, ముండా ఆదివాసీ కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి పేరు ప్రమోద్ పాహన్. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివేటప్పుడు ఆయన ప్రతిభను గుర్తించిన ప్రధానోపాధ్యాయుడు ఉన్నత చదువుకు ఇంగ్లండు తీసుకువెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదువుతూనే హాకీలో మేటి అనిపించుకున్నారు. విశ్వవిద్యాలయ జట్టులో ఆడేవారికి దక్కే 'బ్లూ' గౌరవం పొందారు.

ఆ రోజుల్లో ఐ.సి.ఎస్. ఉద్యోగమంటే అందని ద్రాక్ష. జైపాల్ దానికి ఎంపికై శిక్షణలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించమని పిలుపు వచ్చింది. సెలవు దొరకలేదు. అయినా ఆయన ఆటకే వెళ్లారు. తిరిగి వచ్చాక శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. ఆయన ఆ ఉద్యోగాన్నే వదులుకున్నారు.

ఆ పోటీల్లో భారత్ ఐదు మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసింది. ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఫైనల్లో నెదర్లాండ్స్‌పై 3-0తో గెలిచి, హాకీలో మన దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం సాధించింది. అయితే నిర్వాహకులతో విభేదాల వల్ల జైపాల్ ఫైనల్లో ఆడలేదు. నాయకుడే లేని ఆ విజయ ఘడియ ఆయన జీవితంలో ఒక వెలితి.

తర్వాత ఆయన ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లోనూ, రాయ్‌పూర్‌లోనూ విద్యారంగంలో పనిచేశారు. 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షులయ్యారు. రాజ్యాంగ సభ సభ్యుడిగా ఆదివాసుల భూమి, గౌరవం, హక్కుల కోసం గట్టిగా వాదించారు. ప్రత్యేక రాష్ట్రం కోసం జార్ఖండ్ పార్టీని స్థాపించారు. 1952 ఎన్నికల్లో అది బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. 1963లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో విలీనమైంది. రాష్ట్రం మాత్రం రాలేదు.

1970 మార్చి 20న ఆయన కన్నుమూశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2000 నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది.

నాటిన చెట్టు కాయ కాసేనాటికి నాటినవాడు ఉండకపోవచ్చు. కానీ ఆ నీడలో నిలబడ్డవారు ఆ చేతిని మరువకూడదు. విద్యార్థులారా, మనం చదువుకుంటున్న ఈ రాష్ట్రం వెనుక ఒక హాకీ కెప్టెన్ కల కూడా ఉందని గుర్తుంచుకోండి.