తాను నవ్వకుండా లోకాన్ని నవ్వించిన బస్టర్ కీటన్

మూకీ సినిమాల హాస్యం అనగానే మనందరికీ చాప్లిన్ గుర్తొస్తాడు. అదే కాలంలో అతనికి దీటుగా నిలిచినవాడు బస్టర్ కీటన్. ఇల్లు మీద కూలినా, రైలు మీదికొచ్చినా ముఖంలో ఏ మార్పూ కనిపించదు. ఆ ముఖం వెనుక ఒక వింత బాల్యం ఉంది.

అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. 1895 అక్టోబర్ 4న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, పికువా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు మైరా, జో ఊరూరా తిరుగుతూ స్టేజ్ షోలు ఇచ్చేవారు. ఐదేళ్ళు వచ్చేసరికి కొడుకు కూడా షోలో భాగమయ్యాడు. తండ్రి వాడిని ఎత్తి స్టేజ్ ఈ చివర నుంచి ఆ చివరకు విసిరేవాడు. పట్టు దొరకడానికి బట్టల వెనక సూట్‌కేసు పిడి కుట్టారు! దెబ్బ తగలకుండా ఎలా పడాలో బస్టర్ అక్కడే నేర్చుకున్నాడు. పడ్డాక తాను నవ్వితే జనం తక్కువ నవ్వుతున్నారనీ, ముఖం బిగించుకుంటే పగలబడి నవ్వుతున్నారనీ గమనించాడు.

న్యూయార్క్‌లో బాలల రక్షణ సంఘం వాళ్ళు ఈ షో మీద గట్టిగా నిఘా పెట్టారు. ఒంటిమీద గాయాలేమైనా ఉన్నాయేమోనని చూస్తే ఏమీ దొరకలేదు. ఇక బడి చదువు దాదాపు లేనట్టే. పెద్దయ్యాక కూడా కీటన్ తల్లిదండ్రులను తప్పుపట్టలేదు. అయినా ఒక టీచర్‌గా ఈ భాగం రాస్తుంటే నాకు ఇబ్బందిగానే ఉంది. తండ్రి తాగుడు ముదిరాక ఆ విసుర్లు నిజంగానే ప్రమాదకరమయ్యాయి. 1917లో, 21 ఏళ్ళ వయసులో, కీటన్ ఆ షో వదిలేశాడు.

అదే ఏడాది హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ అతన్ని సినిమాల్లోకి తీసుకున్నాడు. కీటన్‌కు నటన కన్నా ముందు కెమెరా మీద ఆసక్తి కలిగింది. దాన్ని విప్పి, లోపల ఏముందో చూసి, మళ్ళీ బిగించాడంటారు. 1920 నుంచి సొంతంగా సినిమాలు తీశాడు. 1924 నాటి 'షెర్లాక్ జూనియర్' షూటింగ్‌లో రైల్వే నీళ్ళ ట్యాంకు ధార మీద పడి మెడ ఎముక చిట్లింది. ఆ సంగతి ఏళ్ళ తర్వాత ఎక్స్‌రే తీసిన డాక్టర్ చెబితేగానీ అతనికి తెలియలేదు.

1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో తుఫాను సీన్ ఉంది. సుమారు రెండు టన్నుల ఇంటి ముందుగోడ మొత్తం అతని మీద పడుతుంది. సరిగ్గా పైఅంతస్తు కిటికీ ఖాళీలో ఉండటంతో బతికిపోతాడు. ట్రిక్ లేదు, నిజమైన గోడే. అటూ ఇటూ కొన్ని అంగుళాల సందు మాత్రమే. ధైర్యం కన్నా ఆ కొలతలే నాకు గొప్పగా అనిపిస్తాయి.

అంతకు ముందే, 1926లో, 'ది జనరల్' తీశాడు. ఓరెగాన్‌లో నిజమైన రైలింజన్‌ను కాలుతున్న వంతెన మీది నుంచి నదిలోకి పడేశారు. ఆ ఒక్క షాట్‌కే సుమారు 42,000 డాలర్లు ఖర్చయిందంటారు. సినిమా ఆడలేదు, విమర్శకులూ మెచ్చలేదు. ఈ రోజు దాన్ని గొప్ప మూకీ చిత్రాల్లో ఒకటిగా లెక్కిస్తున్నారు.

1928లో పెద్ద స్టూడియో ఎం.జి.ఎం.తో కాంట్రాక్ట్ కుదిరింది. చాప్లిన్ వద్దన్నా సంతకం పెట్టాడు. కథ, షూటింగ్ అన్నీ ఇతరుల చేతుల్లోకి వెళ్ళాయి. విచిత్రమేమిటంటే ఆ సినిమాలు డబ్బు బాగానే తెచ్చాయి. కానీ వాటిలో పాత కీటన్ లేడు. తండ్రిని చెడగొట్టిన తాగుడే కొడుకునూ పట్టుకుంది. 1932లో విడాకులు, 1933లో ఉద్యోగం పోయింది. వారానికి 3,000 డాలర్లు తీసుకున్న చోటే, తర్వాత వారానికి 100 డాలర్లకు ఇతరుల సినిమాలకు జోకులు రాశాడు.

1940లో డాన్సర్ ఎలనార్ నారిస్‌ను పెళ్ళి చేసుకున్నాక జీవితం గాడిన పడింది. 1950లలో టీవీ అతన్ని మళ్ళీ జనం ముందుకు తెచ్చింది. ఒకప్పుడు అతనిదైన భవనంలో పాత రీళ్ళు బయటపడ్డాయి. 1965లో వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న, 70 ఏళ్ళ వయసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

పిల్లలతో చూడాలంటే 1920 నాటి 'వన్ వీక్'తో మొదలుపెట్టండి. నిడివి అరగంట లోపే. కొత్తగా పెళ్ళయిన జంట పెట్టెల్లో వచ్చిన ఇంటిని నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. ఆ నంబర్లను ఎవరో మార్చేస్తారు. మధ్యలో తెర మీద వచ్చే ఇంగ్లిష్ వాక్యాలను మాత్రం పిల్లల చేతే పైకి చదివించండి.