జెరోము పండితుఁడు

విద్వాంసులను, విద్యాపోషకులను స్మరించుట సంఘమునకు శ్రేయస్కరము. కావున మేమిట క్రైస్తవ వేదపండితులలో నగ్రగణ్యుఁడగు జెరోము చరిత్రమును సంగ్రహించుచున్నాము.

4వ శతాబ్దమున డాల్మేషియా పొలిమేరయందలి స్ట్రిడనులో జన్మించిన యీయన, రోములో దొనాతుఁడను వైయాకరణుని శిష్యుఁడై లాటినున నిష్ణాతుఁడయ్యెను. పిదప సిరియా యెడారిలోఁ దాపసవృత్తి నుండి, క్రైస్తవుఁడైన యొక యూదుని గురువుగా వరించి హీబ్రూ నభ్యసించెను. ఆ ధ్వనులు పరుషములుగాఁ దోఁపఁగా విసిగి విడిచియు మరల మొదలిడెను.

382లో రోము చేరఁగా, పోపు డమాససు సువార్తల లాటిను పాఠమును సంస్కరింప నియోగించెను. 384లో పోపు గతించెను, నిందలు చెలరేఁగెను. 385లో నగరము వీడి, మఱుసటి యేఁట బెత్లెహేము చేరెను. అచట మఠములు గట్టించి పోషించినది పౌలా యను రోమక కులీనురాలు. ఆమెయు హీబ్రూ నేర్చెను. ఆ సాధ్వి యైశ్వర్యమును ధారవోయకున్న నీ మహాకార్యము సాగెడిది కాదని మా తలంపు.

అంతవఱకు లాటినువారి పాతనిబంధనము గ్రీకు భాషాంతరమునకు భాషాంతరము. జెరోము హీబ్రూ మూలమునే యాశ్రయించి, సుమారు 15 ఏండ్లు శ్రమించి, 405 ప్రాంతమున ముగించెను. అలవడిన పాఠము మాఱుట జనులు సహింపరైరి. యోనా గ్రంథమునందలి సొరతీగ ఐవీతీగ యగుటతో నాఫ్రికాలోని యొక పట్టణమునఁ గలకలము రేఁగెను. జనులు తన్ను విడిచిపోవుదురను భయమున నచటి బిషప్పు పాతపాఠమునే నిలుపవలసివచ్చెనని అగస్టీను జెరోమునకు వ్రాసెను. ఆ మొక్క మన యాముదపుఁజెట్టేయని నేఁటి పండితులలోఁ బలువురి మతము.

జెరోము 420లో బెత్లెహేమున నస్తమించెను. ఈయన కృషియే ప్రధానముగాఁ గల వల్గేటు పాఠమును 1546లో ట్రెంటు సభ ప్రమాణముగా నంగీకరించెను. మూలము నెఱుఁగఁగోరు విద్యార్థులును, వారికి పౌలా వంటి పోషకులును మన సంఘమునఁ గలుగుదురుగాక!