తెరచిన ద్వారము

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు బాల్టిమోర్ నగరమున 1908లో థర్‌గుడ్ మార్షల్ జన్మించెను. పూర్వులు బానిసలు. తండ్రి రైలుబండి భోజనశాలలో పరిచారకుడు, తల్లి ఉపాధ్యాయిని. న్యాయశాస్త్రము చదువవలెనని మార్షల్ కోరిక. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల ఆ నగరముననే యున్నది. కాని నల్లజాతివారికి అందు ప్రవేశము లేదు. గత్యంతరము లేక వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయమున చేరి, ప్రతిదినము రైలులో పోయివచ్చుచు చదివెను. రుసుము కట్టుటకై తల్లి తన పెండ్లి ఉంగరమును కుదువ పెట్టెను. 1933లో మార్షల్ తరగతిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను.

రెండేండ్లు గడచినవో లేదో, గురువైన ఛార్లెస్ హ్యూస్టన్‌తో గూడి, ఆ మేరీలాండ్ కళాశాలపైననే వ్యాజ్యము నడపెను. డోనాల్డ్ మర్రే అను నల్లజాతి యువకుని చేర్చుకొనవలెనని 1935లో న్యాయస్థానము ఆజ్ఞాపించెను. 1936లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపఱచెను.

తరువాతి పోరు టెక్సాస్‌లో. హీమన్ స్వెట్ అను నల్లజాతీయుని చేర్చుకొన నిష్టపడక, ఆ రాష్ట్రము నల్లవారికని వేఱొక న్యాయ కళాశాలను హడావుడిగా నెలకొల్పెను. అధ్యాపకులలోగాని, గ్రంథాలయములోగాని, పేరుప్రతిష్ఠలలోగాని అది మొదటిదానికి సాటి రాదని 1950లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. స్వెట్ పక్షమున వాదించినవాడు మార్షల్. పాఠశాలలలో జాతి విభజన చెల్లదను 1954 నాటి బ్రౌన్ తీర్పును సాధించినదియు ఆయనయే.

1967లో ఆయన సుప్రీముకోర్టు న్యాయమూర్తి యయ్యెను. ఆ పీఠము నధిష్ఠించిన తొలి నల్లజాతీయుడాయనయే. 1977లో ఒక చిక్కు వ్యాజ్యము విచారణకు వచ్చెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్య కళాశాల, 100 స్థానములలో 16 స్థానములను అల్పసంఖ్యాక జాతులవారికి ప్రత్యేకించియుండెను. ప్రవేశము దొరకని ఆలన్ బాకీ అను శ్వేతజాతీయుడు దీనిని ప్రశ్నించెను. జాతిని చూచి ద్వారము మూయరాదని జీవితమంతయు వాదించినవాడు, జాతిని చూచి ప్రవేశ మొసగుటను సమర్థింపవచ్చునా? మార్షల్ తటపటాయింపలేదు. తరతరముల వివక్షను అడ్డుకొనని రాజ్యాంగము, దాని ఫలితములను సరిదిద్దు ప్రయత్నమునకు మాత్రము అడ్డు నిలువరాదని ఆయన అభిప్రాయము వ్రాసెను. కాని ఆ వాదము పూర్తిగా నెగ్గలేదు. 16 స్థానముల ప్రత్యేకింపు చెల్లదనియు, ప్రవేశములలో జాతిని ఒక అంశముగా పరిగణింపవచ్చుననియు తీర్పు వెలువడెను.

1980లో మేరీలాండ్ న్యాయ కళాశాల తన గ్రంథాలయమునకు మార్షల్ పేరు పెట్టెను. ఆ ఉత్సవమునకు ఆయన పోలేదు.

1991లో పదవి విడిచి, 1993లో ఆయన కన్నుమూసెను. హార్వర్డ్, ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయముల వ్యాజ్యములలో 2023లో సుప్రీముకోర్టు, బాకీ తీర్పు మిగిల్చిన వెసులుబాటును సైతము త్రోసిపుచ్చెను. తలుపు తెరచుటతో న్యాయము తీరునా, ఇన్నాళ్లు వెలుపల నిలిచినవారికి చేయి అందింపవలదా అని మార్షల్ అడిగిన ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది.