ఓల్మ్‌స్టెడ్డు: ప్రజోద్యానముల నిర్మాత

న్యూయార్కు నగరమున, జానెడు నేలకును బంగారపు వెల పలుకు మన్హాటన్ దీవి నడుమ, 843 ఎకరముల భూమి విక్రయమునకు లోనుగాక సర్వజనుల విహారమునకై నిలిచియున్నది. సెంట్రల్ పార్కు అను నీ తోటను జూచినవారు దానిని ప్రకృతి యొసగిన వనమని భ్రమింతురు. కాని యందలి సరస్సులు త్రవ్వించినవి. వృక్షములలో మిక్కిలి భాగము నాటించినవి. ఆ పని నడిపిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్డు 1822 ఏప్రిల్ 26వ తేదీన కనెక్టికట్టు రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డు పట్టణమున నొక బట్టల వర్తకుని యింట జన్మించెను.

నేత్రవ్యాధి వలన ఆయనకు కళాశాల విద్య సాగలేదు. 1843లో నావికుడై చీనాకు బోయి, రోగియై తిరిగివచ్చెను. తరువాత తండ్రి కొనియిచ్చిన భూములలో వ్యవసాయము చేసెను. 1850లో ఇంగ్లండున కాలినడకను దిరుగుచు లివర్‌పూలు చెంతనున్న బర్కన్‌హెడ్ పట్టణపు తోటను జూచెను. రాజులును ప్రభువులును గల దేశమున, పురప్రజల సొమ్ముతో, నిరుపేదకును ప్రవేశముగల తోట యుండగా, ప్రజాస్వామ్యమని చెప్పుకొను తన దేశమున నట్టిది లేకుండుట ఆయన మనస్సున నాటుకొనెను. 1852 మొదలు రెండేండ్లు దక్షిణ రాష్ట్రములలో సంచరించి, బానిసత్వమును గూర్చి న్యూయార్కు పత్రికకు లేఖలు వ్రాసెను. బానిసల శ్రమపై బ్రదుకు సీమలో ఊరుమ్మడి సౌకర్యములు వర్ధిల్లజాలవని ఆయన కనుగొనెను. ఈ రెండు యాత్రలే ఆయనకు కళాశాల యనవచ్చును.

1857లో సెంట్రల్ పార్కు పనులకు పర్యవేక్షకుడుగా నియమింపబడెను. మఱుసటి యేట ఇంగ్లండునుండి వలసవచ్చిన వాస్తుశిల్పి కాల్వర్టు వాక్సుతో గలసి పంపిన నమూనా, పోటీకి వచ్చిన 33 నమూనాలలో ప్రథమముగా నెన్నబడెను. ఊరి బండ్లు తోటను దాటిపోవు నాలుగు బాటలను నేలమట్టమునకు దిగువగా త్రవ్వించుట వారి యుపాయములలో మేలైనది. విహరించువారి కంట బండ్లు బడవు, బండ్లకు దారియు నాగదు. 1860లో బండి ప్రమాదమున తొడయెముక విఱుగగా, డోలిపై మోయించుకొని పోయి పనులు చూచెను. ఆ దినములలోనే ఆయన పసిబిడ్డ మరణించెను.

ఈ తోట చరిత్రలో కప్పిపుచ్చరాని విషయ మొకటి కలదు. ఆ భూమినుండి దాదాపు 1,600 మందిని ప్రభుత్వము లేవగొట్టెను. వారిలో సెనెకా గ్రామవాసులు సుమారు 225 మంది. అధికసంఖ్యాకులు నల్లజాతివారు, పెక్కురు సొంత యిండ్లు గలవారు. ఆ రాష్ట్రమున నల్లవానికి 250 డాలర్ల స్థిరాస్తి యున్నగాని వోటు లేదు గనుక, వారికి భూమి పోవుటయనగా హక్కు పోవుటయే. ఆ నిర్ణయము ఓల్మ్‌స్టెడ్డు రాకకు ముందే జరిగినది. ఐనను సర్వజనుల తోట కొందఱి గూడు చెఱచి వెలసెనను మాట నిజము.

1864లో అధ్యక్షుడు లింకను యోసెమిటీ లోయను కాలిఫోర్నియా రాష్ట్రమునకు ప్రజోపయోగార్థమై యప్పగించు శాసనముపై సంతకము చేసెను. దాని పాలకసంఘమునకు ఓల్మ్‌స్టెడ్డు ముఖ్యుడయ్యెను. 1865 నాటి నివేదికలో, రమ్యస్థలములను ధనికులు తమకై చుట్టివేసికొనకుండ ప్రజలందఱ కొఱకు కాపాడుట ప్రభుత్వధర్మమని వాదించెను. తోటి సభ్యులలో కొందఱు దానిని శాసనసభకు చేరనీయలేదు. 1952 వఱకు నది వెలుగుచూడలేదు. కాని ఆ వాదము చావలేదు. నయాగరా జలపాతము నమెరికా వైపున గట్టులన్నియు సొంతదారుల పాలై, రుసుము చెల్లింపనివారికి జలపాతదర్శనమే లేకుండెను. ఆయనయు మిత్రులును పదియేండ్లకు మించి పోరాడగా, న్యూయార్కు రాష్ట్రము ఆ భూములను కొని 1885లో ఉచితముగా తెఱచెను. కుమారుడు 1916 నాటి జాతీయోద్యానముల శాసనమునకు ప్రధానవాక్యములు కూర్చెను.

న్యూయార్కు రాజకీయపక్షములకు తోటకొలువులు తమవారికి పంచిపెట్టు సంభారములు. వారితో తగవులాడి, 1878లో ఆయన ఉద్యోగము పోగొట్టుకొనెను. బోస్టనుకు తరలి, అచట తోటల వరుస నొకదానితో నొకటి గలిపి నిర్మించెను. వాండర్‌బిల్టు వంటి కోటీశ్వరుని యెస్టేటునకును ఆయనయే నమూనా వ్రాసెను. ఆయన విరాగి కాడు.

1895 నాటికి జ్ఞాపకశక్తి నశింపసాగెను. తుదిదినములు మెక్లీన్ మానసిక వైద్యశాలలో గడచెను. ఆ వైద్యశాల స్థలమును గూర్చి పూర్వము సలహా యిచ్చినవా డాయనయే. అచటనే 1903 ఆగస్టు 28వ తేదీన మరణించెను.